బుర్గా రాసిన చీటీ

బుర్గా చేత అబద్ధం ఆడించడం ఎవరి తరమూ కాదు. ఇరవై రెండేళ్ళపాటు లోయలోని కట్టుడుపళ్ళ ఫ్యాక్టరీలో రంగులు సరిచూసే బల్ల దగ్గర కూర్చుంది. ఎక్కడెక్కడి దేశాల ముసలివాళ్ళ నోళ్ళలోకో వెళ్ళే పళ్ళవి. ఒక పన్నులో పసుపు పిసరంత ఎక్కువైనా తీసి పక్కన పెట్టేసేది. "అంత తేడా ఎవరికి కనిపిస్తుందమ్మా?" అని మేస్త్రీ బతిమాలితే, "నాకు కనిపిస్తోందిగా" అనేది. ఆ మాట మా ట్రీజెన్‌బెర్గ్ కొండమీద అందరి నోళ్ళలోనూ నానింది.

ఆమె మా ఊరి ఆడపడుచు కాదు, కోడలు. సరిహద్దుకు అటుపక్క ఆస్ట్రియాలో పుట్టింది. బస్సెక్కితే గంట ప్రయాణం. ఇరవై ఒకటో ఏట అక్కడ తల్లితో కలిసి వెళ్ళి ఓటు కూడా వేసింది. తర్వాత రెండేళ్ళకు మా పశువుల కాపరి వెండెలిన్ నచ్చాడు, పెళ్ళి చేసుకుని లీష్టెన్‌స్టయిన్‌కు వచ్చేసింది. ఇక్కడ రాజుగారున్నారు, కోట ఉంది, సైన్యం లేదు, ఆడవాళ్ళకు ఓటు లేదు. ఆ చివరి సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కొత్తకాపురంలో తొలి ఎన్నికలొచ్చినప్పుడు మంచి శాలువా కప్పుకుని గుమ్మంలో నిలబడితే, వెండెలిన్ పకపకా నవ్వాడు.

"ఎక్కడికే తయారయ్యావు? పోయి వంట చూసుకో."

శాలువా మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ నవ్వు మాత్రం మరిచిపోలేదు.

ఆడవాళ్ళకు ఓటిద్దామా వద్దా అని మా మగవాళ్ళను రెండుసార్లు అడిగారు, డెబ్బై ఒకటిలో ఒకసారి, డెబ్బై మూడులో ఒకసారి. రెండుసార్లూ వద్దన్నారు. వెండెలిన్ కూడా రెండుసార్లూ వద్దనే రాశాడు, రాసి ఊరుకోక సారాకొట్లో గొప్పగా చెప్పుకున్నాడు. రెండోసారి బుర్గా తొమ్మిది రోజులు అతనితో మాట్లాడలేదు. పదో రోజున ఆవు ఈనింది కాబట్టి మాట్లాడక తప్పలేదు.

మూడోసారి అడిగింది ఎనభై నాలుగులో, జూన్ నెలాఖరున. అప్పటికి వెండెలిన్‌కు పక్షవాతం వచ్చి మూడేళ్ళు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, నోరు మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం, గడ్డం గీయడం, మొక్కజొన్న రవ్వతో చేసే రీబెల్ కలిపి చెంచాతో తినిపించడం, అన్నీ బుర్గాయే.

వెండెలిన్ చిన్ననాటి స్నేహితుడు, వడ్రంగి గెబ్‌హార్ట్ రోజూ వచ్చి కూర్చునేవాడు.

"ఒరేయ్ వెండెలీ, ఈసారి గట్టిగా నిలబడాలిరా. పరాయి దేశాల నుంచి వచ్చిన కోడళ్ళంతా ఓట్లేస్తే ఇక ఈ ఊరు మనదేనా?" అని, కాఫీ తెచ్చిన బుర్గాను చూసి, "నిన్ను కాదులే వదినా" అన్నాడు.

"నన్ను కాకపోతే ఇంకెవర్నయ్యా? ఈ ఇంట్లో పరాయి కోడలు ఇంకెవరున్నారు?"

వెండెలిన్ కిటికీలోంచి గడ్డి కోస్తున్నవాళ్ళను చూస్తూ ఉండిపోయాడు.

పొరుగింటి ఫిలొమినా ఆ సాయంత్రం కంచె దగ్గర బుర్గాను పట్టుకుంది.

"మీ ఆయన్ని ఇంట్లోనే ఉంచెయ్యవే. కుర్చీ చక్రం విరిగిందని చెప్పు. వద్దనేవాళ్ళలో ఒకడు తగ్గుతాడు."

"చక్రం బాగానే ఉందే."

"నీ సత్యం తగలెయ్య! మన బతుకులు మారే రోజే ఇది."

"ఓటు లేకపోతే ఎలా ఉంటుందో ముప్ఫై మూడేళ్ళుగా చూస్తున్నాను ఫిలొమినా. ఆ బాధ ఇంకొకరికి నా చేత్తో పెట్టలేను."

శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా కొండమీద ఉండగానే ఓటు మొదలైంది. బుర్గా అతనికి మంచి కోటు తొడిగి, ఆ నిట్టనిలువు రోడ్డు మీద కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. దారిలో రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది. ఓటేసే గది గుమ్మం దగ్గర కుర్చీ వదిలేసి పక్కకు తప్పుకుంది.

"వీడికి నేను రాసిపెడతాను" అంటూ గెబ్‌హార్ట్ ముందుకొచ్చాడు.

"నువ్వు అక్కర్లేదు. మా ఆవిడ రాస్తుంది" అన్నాడు వెండెలిన్.

లోపలి మగవాళ్ళంతా ఒక్కసారి తలలెత్తారు. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఆమె ఓటరు కాదు కదా వెండెలిన్..."

"నా చెయ్యీ ఓటరు కాదు, కానీ మొన్నటిదాకా ఇక్కడికొచ్చి అదే రాసింది. మూడేళ్ళుగా నాకు చెయ్యి ఈవిడే. కాదంటారా, ఇంటికి పోతాను."

ఊరిపెద్ద నసుగుతూనే తెర తీసి దారిచ్చాడు. ఆ గదిలోకి ఆడమనిషి ఓటుపనిమీద రావడం అదే మొదలు. తెర వెనక ఒక బల్ల, పెన్సిలు, చీటీ. వెండెలిన్ మెడ తిప్పి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రాయను?" అని గొంతు తగ్గించి అడిగింది.

"వద్దు" అన్నాడు గోడతో.

ఆ పెన్సిలుతో ఆమె ఏం రాసినా చూసే దిక్కులేదు. 'సరే' అని రెండక్షరాలు రాస్తే చాలు. కానీ అప్పుడది అతని ఓటు కాదు, దొంగిలించిన ఓటు. బుర్గా 'వద్దు' అని రాసి, మడిచి, అతని ఎడమచేతిలో పెట్టింది. అతను పెట్టెలో వేశాడు.

తిరుగుదారిలో వెండెలిన్ హుషారుగా ఈల వేస్తున్నాడు. అది విని ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇక సంతోషమేగా నీకు! నువ్వు చెప్పినట్టే రాశాను."

ఈల ఆగింది. "ఏం రాశావు?"

"వద్దని."

"నిజంగా వద్దనే రాశావా?"

"మరేం రాయమన్నావు?"

"ఓసి పిచ్చిదానా!" ఎడమచేత్తో కుర్చీని దభీమని కొట్టాడు. "గెబ్‌హార్ట్ రాస్తానంటే వద్దని నిన్నెందుకు పిలిచానే? నీకు నచ్చింది రాసుకుంటావనే కదా గోడవైపు తిరిగి కూర్చున్నాను!"

బుర్గా కుర్చీకి అడ్డంగా రాయి పెట్టి, ఎదురుగా వచ్చి నిలబడింది. "అయితే సరే అని నోటితో చెప్పొచ్చుగా!"

వెండెలిన్ కళ్ళు దించుకున్నాడు. "నోరు రాలేదే" అన్నాడు. "రెండుసార్లు అంత గొప్పగా వద్దన్నవాణ్ణి. నీ మొహం చూసి సరే అనాలంటే సిగ్గేసింది."

ఇంత చిన్న దేశంలో ఒక్క ఓటుతోనే తారుమారు కావచ్చు. వేసిన చీటీ వెనక్కి రాదు. శనివారమంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఓడిపోతే ఆ పాపం తన చేతిదే అని ఆమెకు, తన నోటిదే అని అతనికి. ఆ రోజు వండిన రీబెల్ గిన్నెలోనే ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఫిలొమినా చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "గెలిచామే! నూటపందొమ్మిది ఓట్లతో గెలిచాం!"

బుర్గా పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూలబడి, ఏప్రాన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. ఎప్పటెప్పటి ఏడుపో ఒక్కసారిగా వచ్చింది. వెండెలిన్ ఎడమచేత్తో ఆమె భుజం అందుకోవాలని చూశాడు కానీ చెయ్యి చాలలేదు. ఆమే పీట జరుపుకుని దగ్గరికి వచ్చింది.

అంతలో గెబ్‌హార్ట్ మొహం మాడ్చుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మన కొండమీదా బాగానే పడ్డాయటరా సరే అనే చీటీలు. ఎవడ్రా ద్రోహి? నువ్వైతే వద్దనే రాయించావుగా?"

వెండెలిన్ ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట కోసం అతను ఎంత కష్టపడుతున్నాడో బుర్గాకు కనిపించింది.

"సరే అని రాయించాను. మా ఆవిడకు ఓటు కావాలి. నాకూ కావాలి, ఆవిడకు ఓటు ఉండాలని" అన్నాడు, గోడవైపు కాదు, ఆమె కళ్ళలోకి చూస్తూ.

గెబ్‌హార్ట్‌కు నమ్మబుద్ధి కాలేదు. బుర్గా సంగతి అతనికి తెలుసు.

"వదినా, నువ్వు అబద్ధం ఆడవు. నువ్వు చెప్పు. చీటీలో ఏం రాశావు?"

బుర్గా కళ్ళు తుడుచుకుని లేచి, మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"చీటీలో ఏముందో బయటికి చెప్పకూడదు గెబ్‌హార్ట్" అంది. "మేం ఓటర్లం."