గుడి పలక మీద గిహేయి పేరు

గిహేయి పేరు గుడి పలక మీద రాయించానని మిజోగుచి గురువుగారు చచ్చేదాకా చెప్పుకున్నాడు. రాయించాడు, ఎందుకు రాయించలేదూ! ఎలా రాయించాడో వినండి.

గిహేయి సాకే అనే బియ్యపు సారాకి పీపాలు కట్టేవాడు. పగలంతా పీపాలు, సాయంత్రం గురువుగారి దగ్గర లెక్కలు. ఒకరోజు గుండ్రటి మూత అంచున నాలుగు చుక్కలు పెట్టి, వరసగా కలిపి, ఎదురుమూలల మధ్య అడ్డగీత గీశాడు. రెండు త్రికోణాలొచ్చాయి. ఒక్కోదాంట్లో పట్టినంత పెద్ద వృత్తం గీసి, రెండింటి వ్యాసార్ధాలూ కలిపాడు. మిగిలిన రెండు మూలల మధ్య అడ్డగీత గీసి మళ్ళీ కలిపితే అదే మొత్తం! అరవై మూతల మీద గీశాడు. అరవైలోనూ అంతే. గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"అరవై సరిపోయాయి సరే, అరవై ఒకటోది సరిపోతుందని ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు గురువు. "చుక్కలు ఎక్కడ పెట్టినా తప్పదని చూపిస్తేనే సిద్ధాంతం. పో, పీపాలు కట్టుకో."

ఆ ఒక్క మాటా న్యాయమైనదే. చూపించడానికి గిహేయికి తొమ్మిదేళ్ళు పట్టింది. "నువ్వు మూతల మీద గీతలు గీస్తూ కూర్చో, మనం ముల్లంగి ఊరగాయ నంజుకుని బతికేద్దాం" అని భార్య ఒత్సునా దెప్పని రోజు లేదు. రుజువు దొరికిననాడు వెక్కివెక్కి ఏడ్చాడు. కాగితాలు తీసుకెళ్ళి గురువు చేతిలో పెట్టాడు, పిచ్చి మాలోకం!

ఆ ఊళ్ళో కొత్త సిద్ధాంతం దొరికితే బొమ్మా, ఫలితమూ చెక్క పలక మీద రాయించి గుడి చూరుకు వేలాడదీస్తారు. రుజువు రాయరు. అది గురువుగారి పెట్టెలో ఉంటుంది. పండగనాడు పలక ఎక్కింది, గురువు కొడుకు సెయినోసుకే పేరుతో.

"గురువుగారూ, అది నాది కదండీ!"

"నీకు లెక్కలు నేర్పిందెవడ్రా?"

నెల తిరగకుండా ఎదో నగరం నుంచి ఒక పండితుడొచ్చి, ఊరందరి ముందూ పలక చూసి నవ్వాడు. "నాలుగు బొమ్మలు కొలిచి రాసినట్టుంది. రుజువు చెప్పు బాబూ, లేదా పలక దించెయ్." పెట్టెలో కాగితాలున్నాయి గానీ, అందులో ఒక్క ముక్క సెయినోసుకేకి అర్థమైతేగా! గురువు గిహేయిని పక్కకు లాగాడు.

"చెప్పరా నాయనా. పలక మీద నీ పేరు రాయిస్తా, దేవుడి మీద ఒట్టు."

తను నోరు మూసుకుంటే తొమ్మిదేళ్ళ కష్టం అబద్ధమై కిందికి దిగుతుంది. గిహేయి ముందుకొచ్చాడు. "మూత కేంద్రం నుంచి త్రికోణం మూడు భుజాలకూ దూరాలు కలిపితే, మూత వ్యాసార్ధమూ లోపలి వృత్తం వ్యాసార్ధమూ కలిసినంత అవుతుందండీ. కేంద్రం భుజానికి అవతల పడితే ఆ దూరం తీసెయ్యాలి. మన అడ్డగీత దూరం ఒక త్రికోణంలో కలుస్తుంది, రెండోదాంట్లో పోతుంది. ఇక మిగిలేవి బయటి నాలుగు భుజాల దూరాలే. అడ్డగీత ఎటు గీస్తేనేం?"

పండితుడు నడుం వంచి నమస్కరించాడు. గురువు పకపకా నవ్వాడు.

"చూశారా! మావాడి సిద్ధాంతం పీపాలవాడికి కూడా నోటికొచ్చు."

పండితుడు మళ్ళీ వంగాడు, ఈసారి సెయినోసుకే వైపు.

వారానికి పేరు పడింది. గిహేయి ఒత్సునాను వెంటబెట్టుకుని వెళ్ళాడు. పలక కింది మూలన ఉంది: 'చెక్క చిత్రిక పట్టినవాడు, గిహేయి.'

ఒత్సునా తలెత్తి చదివింది. "ఏమయ్యా, ఈ చెక్క నువ్వు చిత్రిక పట్టావా?"

"లేదే," అన్నాడు గిహేయి.