సీసం గేలం

మా గల్లీలో నాకు అనుమానపు మనిషినని పేరు. అబద్ధమేమీ కాదు. పాలు చిక్కగా వచ్చినా ఇందులో ఏం కలిపారోనని వాసన చూసే రకాన్ని.

ఆదివారం పొద్దున్నే మీరాలం చెరువు గట్టున నేనూ, ఉప్పుగూడలో ఉండే నా దోస్తూ గేలాలు వేసేవాళ్లం. వర్క్‌షాపులో ఇరవై ఏళ్లు పక్కపక్కన పనిచేసినవాళ్లం. ఇద్దరిదీ వానపాము ఎరే, మొన్నటి ఎండాకాలం దాకా. అప్పుడెక్కడ నేర్చాడో, కొక్కెం మెడకు సీసం గుండు పోసి, ఎర్ర దారపు పోగులు కట్టి తెచ్చాడు. అసలు ఎరే లేదు! దాన్ని నీళ్లలో అడుగుదాకా వదలడం, చటుక్కున పైకి గుంజడం, మళ్లీ వదలడం. చేప అంత పిచ్చిదా అనుకున్నాను.

నాలుగు వారాలు నాకు ఖాళీ సంచే మిగిలింది. వాడి బకెట్లో మాత్రం ప్రతిసారీ ఒక కొరమీను, అదీ చీకటితోనే వచ్చి, నేను గట్టెక్కకముందే పట్టానని చెప్పేవాడు. నా కళ్లముందు ఒక్కటీ పడదు. మాదన్నపేట మార్కెట్లో బతికున్న కొరమీనులు దొరుకుతాయి. నీళ్లు లేకున్నా గంటలకొద్దీ బతికే జాతి. అనుమానం పెనుభూతం అంటారు. నాది నాతోపాటే బస్సెక్కి వచ్చేది.

ఐదో ఆదివారం ఆగలేకపోయాను. మిగతా గేలాలవాళ్ల ముందే వాడి చేపను పట్టుకుని పెదవి మూల విప్పి చూశాను. గేలానికి పడ్డ చేపకు అక్కడ చిల్లుండాలి. లేదు.

"ఏంది భాయ్, కొనుక్కొచ్చి పట్టిన అని చెప్తున్నవా?" అన్నాను.

అందరూ నవ్వారు. వాడు చేపను నా సంచిలో వేసి, "తీస్కపో అన్నా, వదినకియ్యి" అని వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడని తెగ సంబరపడ్డాను.

ఇంట్లో మా ఆవిడ ఉప్పు వేసి జిగురు పోయేలా రుద్ది, తలను రెండుగా కోస్తూ పిలిచింది.

"గిదేంది, దీని అంగిట్ల బొక్క పడ్డది?"

చూశాను. అంగిలి నడుమ కొక్కెం దిగిన గుర్తు. సీసం బరువుకు ఆ కొక్కెం మొన పైకి తిరిగి ఉంటుంది, పైకి గుంజగానే అంగిట్లోనే దిగుతుంది. వానపాముల మనిషిని, నాకు తెలిసిన మూలనే వెతికాను. సిగ్గుతో చచ్చిపోయాను. 

సాయంత్రం ఉప్పుగూడ వెళ్లి, గుమ్మంలోనే నా తప్పంతా చెప్పాను. వాడు తలుపుకు ఆనుకుని విన్నాడు.

"చేప నోరు ఇప్పి చూసినవ్ గద అన్నా," అన్నాడు. "గప్పుడు ఒక్కసారి నా మొఖం దిక్కు చూస్తె సరిపోతుండె."

లోపలికి పిలిచి చాయ్ ఇప్పించాడు. ఆదివారం వస్తావా అంటే, చూద్దాం అన్నాడు. ఆ ఆదివారం పొద్దెక్కేదాకా గేలం వైపు కాక, దారి వైపే చూస్తూ కూర్చున్నాను. వాడు రాలేదు.