కర్టెన్ వెనక చెప్పిన మాట

ఆ శిక్షణ సర్టిఫికెట్‌ని నేనింకా పారేయలేదు. బీరువాలో చీరల అడుగున ఉంది. ఎప్పుడైనా చేతికి తగిలితే చటుక్కున మళ్ళీ అడుక్కి తోసేస్తాను. అయినా ఉంచాను, నామీద నాకున్న అసహ్యం తగ్గకూడదని.

నేను ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఒక ఆస్పత్రిలో క్యాజువాలిటీ నర్సుని. ఇంట్లో దెబ్బలు తిని వచ్చే ఆడవాళ్ళతో ఎలా మెలగాలో నేర్పుతామని నర్సుల్నీ పోలీసుల్నీ కలిపి మధురవాడలో ఒక హోటల్ హాల్లో కూర్చోబెట్టారు. కన్ను వాచి మూసుకుపోయిన ఆడమనిషి ఫొటో తెరమీద ఉండగానే సమోసాలు పంచారు. నా వెనక వరసలో ఎవడో, "మా ఇంట్లో అయితే నానే బాధితుణ్ణి" అన్నాడు. హాలంతా గొల్లుమంది. దాచడం ఎందుకు, నేనూ నవ్వాను.

శిక్షణ ఇచ్చినావిడ మాత్రం మంచి మాటే చెప్పింది. మా దగ్గర పద్ధతేమిటంటే, దెబ్బలతో ఎవరొచ్చినా చీటీ రాసేచోట "అటెండెంట్ ఎవరు?" అని అడుగుతాం. దెబ్బ ఎలా తగిలిందో ఆ వెంట వచ్చినవాడు చెబుతాడు, మేం రాసుకుంటాం. కొట్టినవాడే కదా వెంట వచ్చేది! అందుకే మా రిజిస్టర్ల ప్రకారం ఈ ఊళ్ళో ఆడవాళ్ళంతా బాత్రూముల్లో జారిపడేవాళ్ళే. మొగుణ్ణి బయటికి పంపి ఆమెను ఒంటరిగా అడగండి, ఆమె మాటల్లోనే రాయండి, అది అతని చెవిన పడనివ్వకండి అందావిడ. ఇన్నేళ్ళూ ఆ మాత్రం బుర్ర నాకు లేకపోయిందేమిటని సిగ్గేసింది.

మధ్యాహ్నం మాచేత నాటకం వేయించారు. నేను బాధితురాలిని. పోలీసు వేషం మా ఆస్పత్రి అవుట్‌పోస్టులో కూర్చునే హెడ్ కానిస్టేబుల్ వేశాడు. కుర్చీ నా పక్కకి లాక్కుని, గొంతు తగ్గించి, "భయపడకండమ్మా. మీరు సెప్పింది మీకూ నాకూ మధ్యే ఉంటాది" అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే నాకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున పదింటికి ఒకామె వచ్చింది. హార్బర్ వేలంపాటలో చేపలు కొని అమ్ముకునే మనిషి. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వాచి వంకరపోయింది. చీరకి ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి. పక్కన మొగుడు, నున్నగా తల దువ్వుకుని.

"ఐసుమీద కాలు జారి పడిపోనాదండి" అన్నాడు, నేను అడక్కముందే.

ఎక్స్‌రే చీటీ మీద ముద్ర వేయించుకు రమ్మని అతన్ని పై అంతస్తుకి పంపాను. కర్టెన్ మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాను. ఆమె కర్టెన్ సందులోంచి బయటికి చూసింది.

"సెప్పీసి మళ్ళీ ఇంటికే ఎల్లాల కదా సిస్టరమ్మా" అంది.

"అతనికి తెలీదు. ఈ కర్టెన్ దాటదు. పూచీ నాది" అన్నాను.

"ఐసు పగలగొట్టే కర్రతో కొట్టినాడమ్మా. పిల్ల అడ్డం వత్తే దాన్నీ కొట్టినాడు."

ఆమె మాటల్లోనే రాశాను. నా చేతిరాత నాకే ముద్దొచ్చింది. ఇలాంటి కేసు పోలీసులకి తెలియజేయాలి. మరో పోలీసైతే జంకేదాన్నేమో, నిన్నటి హెడ్ కానిస్టేబులే కదా అని ధీమాగా కాగితం పంపాను.

అతను వచ్చేసరికి మొగుడూ పైనుంచి దిగాడు. హెడ్ కానిస్టేబుల్ కర్టెన్ బార్లా లాగేసి, ఒక చేత్తో నా కాగితం పట్టుకుని, రెండో చెయ్యి మొగుడి భుజం మీద వేశాడు.

"ఏటి బావా, నువ్వు ఐసుకర్రతో కొట్టీసినావని నీ పెళ్ళాం రాయించింది? పిల్లని కూడా కొట్టినావంట?"

బావ! మా వైపు మగాళ్ళు టీకొట్టు దగ్గర ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా అలాగే పిలుస్తారు. పుట్టినప్పటినుంచీ వింటున్న పిలుపే. ఆ రోజు మాత్రం అది నాకు బూతులా వినిపించింది. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినవాడితో ఒక్క ముక్కలో చుట్టరికం కలిపేసుకున్నాడు.

"నొప్పికి ఏదో వాగీసింది బావా" అని మొగుడు నవ్వాడు. నవ్వుతూనే ఆమె వైపు చూశాడు.

"నానే జారి పడిపోనాను" అంది ఆమె.

"నిన్న మీరు ఏం చెప్పారండీ హాల్లో?" అని అరిచాను.

"అది ట్రైనింగు మేడమ్, ఇది కాపురం" అన్నాడు హెడ్ కానిస్టేబుల్, పసిపిల్లకి నచ్చజెప్పినట్టు.

డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే, "పేషెంటే జారిపడ్డానంటోందిగా, మార్చి రాసి సంతకం పెట్టండి సిస్టర్" అన్నాడు.

మార్చి రాశాను. ఆమె మాటల మీద గీత పెట్టి, పైన "జారి పడినది" అని రాసి, పక్కన సంతకం కూడా చేశాను. అంత చదువూ అంత శిక్షణా ఆ ముక్క రాయడానికే పనికొచ్చింది.

కట్టు వేయించుకుని వెళ్తూ ఆమె నా దగ్గర ఆగింది. మొగుడు గుమ్మం దగ్గర హెడ్ కానిస్టేబుల్‌తో కబుర్లాడుతున్నాడు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నాను ఎవులికీ సెప్పీదాన్ని కాదమ్మా" అంది. "మీరు కుర్సీ దగ్గరికి లాక్కుని కూకున్నారని సెప్పినాను. ఇంటికాడ పిల్ల ఒక్కర్తీ ఉంది."