పంపకముందే వచ్చిన మెయిలు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. పన్నెండేళ్లుగా కంప్యూటర్లతోనే నా బతుకు. ప్రతి తప్పుకీ ఏదో ఒక లైనులో కారణం దాక్కుని ఉంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని నా నమ్మకం. ఒక్కదానికి మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

మేం విదేశంలో, ఆంగ్ మో కియో అనే పేటలో ఉంటాం. నేను, మా ఆవిడ, రెండో క్లాసు చదివే పాప. అదే బ్లాకులో రెండంతస్తుల కింద ప్రసాదన్న ఉంటాడు. మాది పాలకొల్లు, ఆయనది పక్కనే నర్సాపురం. ఇక్కడ నాకు ఉద్యోగం చూపించింది ఆయనే. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే టీము. రోజూ ఒకే ట్రైన్లో వెళ్లేవాళ్లం. మా పాపకి ఊళ్లో మగవాళ్లంతా అంకుల్సే, ఆయనొక్కడే పెదనాన్న.

ఆదివారాలు మా తెలుగు కుటుంబాల పిల్లలకి తెలుగు క్లాసు నడుపుతాం. క్లాసు ఉందని తల్లిదండ్రులకి ముందురోజు మెయిళ్లు వాటంతటవే వెళ్లేలా చిన్న ప్రోగ్రాం రాసే పని నా నెత్తిన పడింది. ఒక శనివారం పొద్దున్న నా సొంత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఇలాంటివి రాసేటప్పుడు ముందు మన కంప్యూటర్నే సర్వర్‌గా పెట్టుకుని పరీక్షించుకుంటాం. నేను పెట్టుకున్న పద్ధతిలో మెయిల్ నిజంగా బయటికి పోదు. పంపమన్న ప్రతి మెయిలూ ఒక ఫోల్డర్లో ఫైలుగా వచ్చి పడుతుంది, అంతే. పంపేవారి చోట ప్రసాదన్న అడ్రసు పెట్టాను, అందుకునేవారి చోట నాది. మెయిల్లో 'తిన్నావా?' అని ఒక్క మాట. ఫోనెత్తగానే మనవాళ్లు అడిగేది అదే కదా, చేతికి అదే వచ్చింది.

రెండు గంటలు ఆ ప్రోగ్రాం నన్ను ఏడిపించింది. మెయిల్ వెళ్లిందంటుంది, ఫోల్డర్ చూస్తే ఖాళీ. చివరికి ఫోల్డర్ పేరు రాయడంలో ఒక గీత అటుదిటు పడిందని తేలింది. నన్ను నేనే తిట్టుకుని, సరిచేసి, మళ్లీ నడిపాను. ఒక ఫైలు వచ్చి పడింది.

తెరిస్తే 'తిన్నావా?' లేదు. ఇంగ్లీషులో ఐదు వాక్యాల ఉత్తరం ఉంది. పంపినది ప్రసాదన్న. అందుకోవలసింది నేను కాదు, మా మేనేజర్ మేడమ్. కిందటి నెల జ్వరమని నేను మెడికల్ సర్టిఫికెట్ పెట్టిన రోజు నిజానికి ఇంకో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లానని, టీము మంచి కోరి బాధతోనే తాను ఈ సంగతి చెబుతున్నానని దాని సారాంశం.

ఇంటర్వ్యూ సంగతి నిజమే. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ప్రసాదన్నకి తప్ప ఎవరికీ తెలియదు, మా ఆవిడకి కూడా చెప్పలేదు. బయటపడితే ఉద్యోగం పోతుంది. దాంతో ఈ దేశంలో ఉండనిచ్చే నా పాసు, దాని మీద ఆధారపడ్డ మా ఆవిడ పాసు, పాప బడి, అన్నీ పోతాయి.

ప్రోగ్రాం అంతా జల్లెడ పట్టాను. మేనేజర్ అడ్రసు ఎక్కడా లేదు. వైఫై పొద్దుట్నుంచీ ఆపే ఉంది. ఆ ల్యాప్‌టాప్ నేను తప్ప ఎవరూ ముట్టుకోరు. ఇంకొకటి గమనించాను. మెయిల్ మీద తేదీ రాబోయే గురువారానిది. గడియారం మాత్రం సరిగ్గానే ఉంది. మళ్లీ నడిపితే 'తిన్నావా?' అని బుద్ధిగా వచ్చింది.

ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి పరిగెత్తాను. శనివారాలు అన్న అక్కడే కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతాడు. ఎదురుగా కూర్చుని ఐదు వాక్యాలూ చదివి వినిపించాను. ఆ కంగారులో తేదీ సంగతి చెప్పడం మర్చిపోయాను.

అన్న కప్పు పక్కకి జరిపాడు.

"అంటే, నా మీద అనుమానమా నీకు?" అన్నాడు. "పని ఎక్కువై నువ్వే ఏదో కొట్టుంటావురా. ముందది తీసెయ్. ఎవరన్నా చూస్తే నీకే మంచిది కాదు."

నాకు సిగ్గేసింది. ఆయన చూస్తుండగానే తీసేశాను. ఆయనే లేచి నాక్కూడా ఒక కోపీ తెచ్చాడు.

బుధవారం ఆఫీసులో కబురు చెప్పారు. టీము తగ్గిస్తున్నారట, మా ఇద్దర్లో ఒకరినే ఉంచుతారట. శుక్రవారం మేడమ్ నన్ను గదిలోకి పిలిచి స్క్రీన్ నా వైపు తిప్పారు. అవే ఐదు వాక్యాలు. కామాలు కూడా అవే చోట్ల ఉన్నాయి. పంపింది గురువారం. నేను బుకాయించలేదు.

ఆ సాయంత్రం మా బ్లాకు కింద లిఫ్టు దగ్గర ప్రసాదన్నని పట్టుకున్నాను. ఎందుకు చేశావన్నా అని అడిగాను.

"బుధవారం దాకా నాకా ఆలోచనే లేదురా, మా పిల్లల మీద ఒట్టు," అన్నాడు. "తీరా రాద్దామని కూర్చుంటే ఒక్క ముక్కా రాలేదు. నువ్వు చదివినవే గుర్తొచ్చాయి. అవే రాసేశా."

ఉద్యోగం పోయింది. ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే గడువు ముగియడానికి వారం ముందు ఇంకోటి దొరికింది కాబట్టి ఇంకా ఇక్కడే ఉన్నాం. లిఫ్టులో ఆయన కనిపిస్తే నేను ఫోన్ చూసుకుంటాను. "పెదనాన్న వై నెవర్ కమ్ అవర్ హౌస్ ఆల్రెడీ?" అని పాప ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అడుగుతుంది. బిజీగా ఉన్నారమ్మా అంటాను.

ఆ ఉత్తరం నేను రాయలేదు. ఆయన మాట నిజమైతే ఆయనా రాయలేదు, నా నోట విని దించాడు. ఒక్కసారి విన్నవాడికి కామాలతో సహా ఎలా గుర్తుంటుంది? తేదీ ఎలా కలిసింది? మొదట రాసిందెవరు? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

అది తేలకపోయినా ఫరవాలేదు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆయన పేరుతో వచ్చిన ఆ ఉత్తరం చూసి హడలిపోయిన రోజున, చెప్పుకోవడానికి నాకు ఆయన తప్ప ఇంకెవరూ తట్టలేదు.