జహ్రా ఇంట్లో నవ్వుల క్యాసెట్

రెడ్డెమ్మకు వచ్చిన ఇంగ్లీషు మాటలు మూడే: ఓకే, ఫ్రిజ్, బాత్రూమ్. అయినా లండన్ రేడియోలో వచ్చిన ఒక హాస్య నాటికను ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పగలదు. అందులో ముసలాయన ఎప్పుడు దగ్గుతాడో, బీరువా ఎన్నో మెట్టు మీదనుంచి జారుతుందో, జనం ఎక్కడ పగలబడి నవ్వుతారో అన్నీ కంఠతా వచ్చు. ఇదేం విద్య అనుకోకండి. ముప్పై ఎనిమిది రోజులు ఒంటరిగా ఉన్న మనిషి నేర్చుకున్న విద్య అది.

ఊరు కడప జిల్లా లక్కిరెడ్డిపల్లె. కువైట్‌లోని జహ్రాలో ఒక అరబ్బుల ఇంట్లో వంటపని. 1990 జులైలో ఆ ఇంటివాళ్ళు ఏటా ఎండలకు వెళ్ళినట్టే లండన్ వెళ్ళారు. మామా, అంటే ఇంటి యజమానురాలు, తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టి ఇల్లు భద్రం అంది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఉన్న ఇనప్పెట్టె తాళం మాత్రం ఆ గుత్తిలో లేదు. ఆగస్టు రెండున తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్ళోకి వచ్చేసింది. ఫోను మూగబోయింది.

ఒకరోజు మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చాటునుంచి ఆమె కళ్ళారా చూసింది. సైనికులు ఎదురు వరసలో ఒక గేటు తట్టారు. లోపల పిల్లల గోల వినిపించింది. వాళ్ళు పక్క గేటుకు పోయారు. అక్కడ ఎవరూ పలకలేదు. తాళం పగలగొట్టి, ఫ్రిజ్జూ టీవీ లారీకెత్తుకున్నారు. ఖాళీ ఇల్లయితే చాలు, జొరబడుతున్నారు. అందులో ఒంటరి ఆడది దొరికితే ఏమవుతుందో రెడ్డెమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది క్యాసెట్. యజమాని లండన్‌లో చదువుకునే రోజుల్లో రేడియోలోంచి రికార్డు చేసుకున్న హాస్య నాటిక అది. గురువారం సాయంత్రాలు అది పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అందులో ఏముంది బాబా అని రెడ్డెమ్మ ఒకసారి అడిగింది. పాపం, ఆయన మెట్లెక్కినట్టు నటించాడు, నడుం వంచి బరువు మోశాడు, చివరికి "ఖలాస్" అని చేతులెత్తేశాడు. ముసలాయనా బావమరిదీ బీరువాను మేడ ఎక్కిస్తున్నారనీ, అది ప్రతిసారీ జారి కిందికొస్తోందనీ రెడ్డెమ్మ తనంతట తానే కథ అల్లుకుంది. తప్పయినా దిద్దేవాళ్ళు ఎవరున్నారు?

ఆమెకు కావలసింది కథ కాదు, నవ్వే జనం. అయితే ఇంగ్లీషు వాళ్ళను ఇళ్ళల్లో వెతికి పట్టుకుపోతున్నారని రేడియోలో అరబ్బీ వార్తల వల్ల తెలిసింది. మాటలు బయటికి పోతే మొదటికే మోసం. టేప్ రికార్డరును ముందు గదిలో కిటికీ కింద పెట్టి, మీద బొంత కప్పి, ప్రహరీ దగ్గర చెవి పెట్టి చూసింది. రెండు బొంతలు కప్పితే సరిపోయింది. మాటలు గొణుగుడుగా అణిగిపోయి, నవ్వులు మాత్రం గోడ దాటాయి.

రోజూ పొద్దు వాలే వేళ, అసర్ నమాజు పిలుపు తర్వాత, సైనికులు వీధిలో తిరిగే వేళకు, ఆ ఇంట్లో నలభై యాభై మంది నవ్వేవాళ్ళు. రెండుసార్లు బూట్ల చప్పుడు గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. రెడ్డెమ్మ బొంత పక్కనే నేల మీద కూర్చునేది. జనం నవ్వినప్పుడు మొదట్లో తనూ నవ్వేది. తర్వాత తర్వాత ఏడుపొచ్చేది. అంతమంది నవ్వుతున్నారు, ఒక్కరైనా తిన్నావా అని అడగరు. తన గొంతు ఎట్లా ఉంటుందో మర్చిపోతానేమోనని బియ్యం కడుగుతూ తన పేరు తనే పిలుచుకునేది.

సైన్యం వచ్చిన ముప్పై ఎనిమిదో రోజు బీరువా మూడోసారి జారబోతుండగా టేపు తెగింది. అరిగి అరిగి దారంలా అయిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. రెడ్డెమ్మ వంటింట్లోకి పోయి కత్తి తెచ్చుకుని తలుపు వెనక నిలబడింది.

గంట గడవకముందే గేటు చప్పుడైంది.

"మామా! మామా!" ఆడగొంతు.

"ఎవురది?" భయంలో అరబ్బీ రాలేదు, తెలుగే వచ్చింది.

"అక్కా... మనోళ్ళా? నేను ఆసియా బీని. రాయచోటి. పక్కింట్లోనే పనిచేస్తాండా."

రెడ్డెమ్మ గడియ తీసింది. పాతికేళ్ళ పిల్ల, చెప్పులైనా లేవు. జులై ఆఖర్లో పనిలోకి వచ్చిందట. యజమానులు ఆమెను వదిలేసి సౌదీకి పారిపోయారట.

"ఒక్కదానివే ఉండావా?"

"ఆ దినం నుంచీ ఒక్కదాన్నే. లైటు గూడా ఎయ్యను. రెండుసార్లు మీ గేటు కాడికి వచ్చినా అక్కా. లోపల నవ్వులే నవ్వులు. పెద్దోళ్ళు చుట్టాలతో ఉండారు, తలుపు తడితే తిడతారని ఎనక్కి పోయినా. గోడకాడ కూచోని రోజూ వింటాంటి. ఆ నవ్వులే నాకు తోడు. వాటికి జడిసేనేమో, మా గేటు గూడా ఎవురూ తట్టల్యా. ఈ పొద్దు నడీమధ్యలో ఆగిపాయ. ఏమన్నా జరిగిందేమోనని వచ్చినా. యాడ పోయినారక్కా అందరూ?"

రెడ్డెమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకుపోయి బొంతలు ఎత్తి చూపించింది. ఆసియా బీ టేప్ రికార్డరు వంక చూసింది, రెడ్డెమ్మ వంక చూసింది. సైనికులను తిప్పి పంపిన నవ్వే ఈ పిల్లనూ తిప్పి పంపిందని రెడ్డెమ్మకు అప్పుడు అర్థమైంది. గోడ మందం జానెడు. ముప్పై ఎనిమిది రోజులు.

"అన్నం తిన్న్యావా?" అంది రెడ్డెమ్మ. ఆ మాట అనగానే ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

కాసేపటికి ఆసియా బీ లేచి, దుప్పటీ బట్టలూ తెచ్చుకుంటానంది. పక్కింటికే. రెడ్డెమ్మ గేటు దాకా వచ్చింది. వీధి చివర సైనికుల లారీ ఆగి ఉంది. అయినా ఆ పిల్ల తిరిగొచ్చేదాకా రెడ్డెమ్మ గేటుకు గడియ పెట్టలేదు.