బంద్ రోజు వీడియో గేమ్ అంగట్లో

నిన్న మదనపల్లె పాత సామాన్ల అంగట్లో, బొత్తాలు అరిగిన వీడియో గేమ్ రిమోట్ ఒకటి కనిపించింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, వేడెక్కిన టీవీ వాసన, ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చోవడం?

చిన్నప్పుడు పుంగనూరులో ఒక బంద్ రోజు నేనూ, నా నేస్తం రెడ్డెప్పా అలాంటి వీడియో గేమ్ అంగట్లోనే ఉన్నాం. బయట రాళ్లు పడుతుంటే అంగడి నడిపే కాదర్ అన్న షట్టర్ దించేసి, "భయపడొద్దండప్పా, ఆడుకుంటా ఉండండి" అన్నాడు.

మా నాయనదీ రెడ్డెప్ప నాయనదీ చెరొక పార్టీ. పొద్దున ఎదురెదురుగా నినాదాలు చేసిన ఇద్దరూ మాకోసం కలిసే పరిగెత్తుకొచ్చారు. రెడ్డెప్ప నాయన తన కొడుకు కన్నా ముందు నా తల తడిమి, "యాడన్నా దెబ్బ తగిలిందా నాయనా?" అన్నాడు. నలుగురం ఒకే స్కూటర్ మీద ఇళ్లకు చేరాం.

రెడ్డెప్ప ఇప్పుడు కుప్పంలో ఉంటాడు. పోయిన ఎన్నికలప్పుడు ఫోన్‌లో మాటా మాటా పెరిగింది. "మీవోళ్లంతా ఇంతేలే. ఇంక నాకు ఫోన్ చేయొద్దు" అని పెట్టేశాడు. తర్వాత నేను చేసినా ఎత్తలేదు.

నిన్న సాయంత్రం ఇద్దరాడే ఆట ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. రెండో మనిషి బదులు ఫోనే ఆడింది. గెలిచాక, అలవాటుగా పక్కకు తిరిగి చూశాను.