సారు వేసిన గడియ

పాలిటెక్నిక్‌లో మాకు కంప్యూటర్లు నేర్పిన సారు పోయారని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను ఆఫీసుకు పోయే బస్సులో ఉన్నాను. అలిపిరి దగ్గర దిగేసి రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

సారుకు తొందర గిట్టదు, నేనేమో తొందరకు పుట్టినదాన్ని. ఒకరోజు ల్యాబులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ ఒప్పుకోలేదు. తాళం పడి ఉందని, దాన్ని వేరే పనేదో పట్టుకుని ఉందని తెర మీద రెండు లైన్లు వచ్చాయి. ఒకటి ఎక్కుతుంటే మధ్యలో ఇంకోటి దూరకుండా కంప్యూటరే అలా తాళం వేసుకుంటుంది. నెట్‌లో వెతికి ఆ తాళం ఫైలు చెరిపేశాను. లోపల అప్పటికే అప్‌డేట్ నడుస్తోంది. రెండూ కలబడి సిస్టం కాస్తా మూలబడింది. తిడతారని బిక్కచచ్చి నిలబడితే, ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, సగంలో ఆగినవన్నీ నా చేతే పూర్తి చేయించారు. ఆయన తెచ్చుకున్న టీ అలాగే చల్లారిపోయింది.

"అది తాళం కాదు మ్మా, గడియ. తాళం బయటేస్తారు, గడియ లోపలుండేవాళ్లు ఏసుకుంటారు. ముందు లోపల ఎవురుండారో సూడు," అన్నారు.

ఆయన తీరే అంత. స్టాఫ్ రూం తలుపు తెరిచే ఉన్నా రెండుసార్లు తట్టి, లోపలివాళ్లు పలికేదాకా బయటే ఉండేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆదివారం వడమాలపేటలో వాళ్లింటికి వెళ్లాను. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. ఆమె దిగులంతా పెద్దకర్మకు పెట్టే ఫోటో గురించే. స్టూడియోలో వేయిస్తానంటే వినలేదు. సారు ముచ్చటపడి తెచ్చిన కొత్త ప్రింటర్‌లోంచే రావాలన్నారు. దాని సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి సారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే, తాళం పడి ఉందంది. పట్టుకున్నదెవరా అని వెతికాను. తెర మీదే వెనకాల ఇంకో విండో తెరిచి ఉంది. సారు అదే సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టారు. కొనసాగించాలా అని అది అడిగిన చోట గీత మిణుకుమంటోంది.

"గుండెల్లో నొప్పని ఆస్పత్రికి ఆటో ఎక్కేటప్పుడు గూడా, దాన్ని ఆపొద్దు, వచ్చి సూస్తా అన్నాడు మ్మా. అందుకే చార్జర్ గూడా తీయలా," అన్నారు అమ్మ.

మీట నొక్కడానికి నాకు చేయి రాలేదు. సారు జవాబు కోసం ఆగి ఉందని ఆమెకు చెప్పాను. ఆమె నా పక్కనే కూర్చుని తెర వైపు వంగి చూశారు. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"ఏది నొక్కాల?" అని అమ్మే అడిగారు.

అవునని చెప్పే వై అక్షరం, ఆ తర్వాత ఎంటర్ చూపించాను. ఆమె వేలు కొంగుతో తుడుచుకుని, రెండూ మెల్లగా నొక్కారు. తెర మీద అక్షరాలు గబగబా పైకి కదిలాయి. ఆమె వేలు మాత్రం మీట మీది నుంచి తీయలేదు.